ఫ్యామిలీ ట్రిప్ అంటే ఎవరి ట్రిప్? బందరు, దివిసీమ సఫర్ తర్వాత నాలుగు మాటలు



సెలవులు దగ్గర పడితే చాలు, మా ఖాందాన్‌లో ఒకటే చర్చ. ఈసారి ఎక్కడికి? ఒకరు ఊటీ అంటారు, ఒకరు అరకు అంటారు. దుబాయ్‌లో తమ్ముడున్నవాళ్ళు ఫోన్ తీసి అక్కడి ఫోటోలు చూపిస్తారు. చివరికి ఖర్చు లెక్క వేసుకుని, ఏదో ఒక దర్గా జియారత్‌కో, హైదరాబాద్‌లో ఎవరి నికాహ్‌కో వెళ్ళొచ్చి, అదే ట్రిప్ అనుకుంటాం.

మేం గుడివాడ వాళ్ళం. ఇంటి నుంచి గంటన్నర ప్రయాణం చేస్తే సముద్రం. రెండు గంటలు వెళ్తే కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోటు. అయినా మా పిల్లలు ఊటీ బొటానికల్ గార్డెన్ చూశారు గానీ, మొన్నటి దాకా దివిసీమ చూడలేదు. ఇది మా ఒక్క ఇంటి కథ కాదని నాకు తెలుసు. అందుకే ఈ మాటలు రాస్తున్నాను. నా రాయ్ రెండు ముక్కల్లో చెప్తాను. ఒకటి, మన డెల్టాలోనే మూడు రోజులకు సరిపడా చూడాల్సినవి ఉన్నాయి, అవి పిల్లల తర్బియత్‌కి ఏ హిల్ స్టేషన్ కన్నా ఎక్కువ పనికొస్తాయి. రెండు, ‘ఫ్యామిలీ ట్రిప్’ అని మనం అంటున్నది నిజానికి ఫ్యామిలీ ట్రిప్ కాదు. అది మగవాళ్ళ, పిల్లల ట్రిప్. ఆడవాళ్ళకి అది వంటిల్లు మారడం, అంతే.

రెండోది నాకు మంగినపూడి బీచ్‌లో అర్థమైంది. ముందు మొదటిది చెప్తాను.

మొదటి రోజు పొద్దున్నే గుడివాడ స్టేషన్లో బందరు రైలెక్కాం. కారుందిగా అన్నారు పిల్లలు. రైలెక్కితేనే ఊళ్ళు కనిపిస్తాయి అన్నాను. కౌతరం, వడ్లమన్నాడు, పెడన. రెండు పక్కలా పంట కాలవలు, వరి చేలు, చేపల చెరువులు. పెడనలో దిగి, ముందే మాట్లాడి పెట్టుకున్న ఒక అద్దకం షెడ్డుకి వెళ్ళాం.

కలంకారీ అనే మాట మన ఇళ్ళలో విననివారు ఉండరు. కలం అంటే మన పిల్లలు మద్రసాలో చదివే ఖలమే. కారీ అంటే పని. రెండూ ఫార్సీ నుంచి వచ్చిన మాటలు. శ్రీకాళహస్తిలో చేత్తో కలం పట్టి గీస్తారు, ఇక్కడ బందరు, పెడనల్లో టేకు చెక్క మీద చెక్కిన అచ్చులతో అద్దుతారు. గుడ్డని ముందు కరక్కాయ, పాలు కలిపిన నీళ్ళలో నానబెట్టి ఎండేస్తారు. తుప్పు పట్టిన ఇనుప ముక్కల్ని బెల్లం నీళ్ళలో రోజుల తరబడి ఊరబెడితే నల్ల రంగు వస్తుంది. పటిక నీళ్ళతో అద్దిన పువ్వు అద్దినప్పుడు దాదాపు కనిపించదు. ఆ గుడ్డని రంగు వేర్లతో కాగులో ఉడకబెట్టినప్పుడు, పటిక తగిలిన చోటే ఎరుపు పట్టుకుంటుంది. మా చిన్నోడు ఆ కాగు దగ్గర నుంచి కదల్లేదు. యూట్యూబ్‌లో ఇంత సేపు దేన్నీ చూడడు.

అక్కడ ఒక పాత అచ్చు చూపించారు. సర్వ్ చెట్టు, చుట్టూ తీగ, పైన మెహ్రాబ్ ఆకారం. ఒకప్పుడు ఇక్కడి కార్ఖానాల్లో ఇరాన్ బజారు కోసం జానమాజులు కూడా అద్దేవారు. మన డెల్టా కాలవల్లో ఉతికిన గుడ్డ మీద ఎక్కడో ఇస్ఫహాన్‌లో ఎవరో సజ్దా చేశారన్న మాట. మా పెద్దమ్మాయి ఏడో తరగతి. ఆ మధ్య క్లాసులో ఎవరో ‘మీవాళ్ళు ఎక్కడి నుంచి వచ్చారు?’ అని అడిగారట. ఇంటికొచ్చి నన్నడిగింది. నేను చెప్పిన జవాబు దానికి నచ్చలేదు, నిజానికి నాకూ నచ్చలేదు. ఆ రోజు ఆ షెడ్డులో అచ్చు చేత్తో పట్టుకుని, “అబ్బా, ఇది మనదేగా” అంది. ఆ ‘మనది’లో అద్దే దేవాంగుల అబ్బాయీ ఉన్నాడు, కొనే ఇరానీ ఉన్నాడు, మేమూ ఉన్నాం. ఇంతకన్నా మంచి జవాబు నా దగ్గర లేదు.

మధ్యాహ్నానికి బందరు చేరాం. బందర్ అంటేనే ఫార్సీలో రేవు. మచిలీపట్నం అని బోర్డు మీద ఎంత పెద్దగా రాసినా, బస్సు కండక్టర్ దగ్గర నుంచి కలెక్టరాఫీసు బంట్రోతు దాకా అందరి నోటా బందరే. గోల్కొండ కుతుబ్‌షాహీల రాజ్యానికి ఇదే పెద్ద రేవు. ఇక్కడి నుంచి ఓడలు ఇరాన్‌కీ, బర్మాకీ, ఎర్ర సముద్రం వైపూ వెళ్ళేవి. 17వ శతాబ్దంలో దక్కన్ హాజీలు ఇక్కడే ఓడెక్కేవారు. వజ్రాల వ్యాపారంలోకి దిగి తర్వాత గోల్కొండ వజీర్ అయిన మీర్ జుమ్లా కొన్నాళ్ళు ఈ ఊరి పాలన చూశాడు. ఇంగ్లీషువాళ్ళు 1611లో ఇక్కడ దిగారు, వాళ్ళకన్నా ముందే డచ్చివాళ్ళు వచ్చారు. ఊళ్ళో పేటల పేర్లు చదివితే చాలు, తారీఖ్ పాఠం అయిపోతుంది: ఇంగ్లీషుపాలెం, ఫ్రెంచిపేట, వలందపాలెం. వలందులంటే హాలండువాళ్ళే.

బందరు కోట దగ్గర డచ్చివాళ్ళ సమాధులున్నాయి. పురావస్తు శాఖ సంరక్షణలో ఉన్నాయి. నల్లరాతి పలకల మీద వాళ్ళ వంశ చిహ్నాలు, పేర్లు ఎంత లోతుగా చెక్కారో, మూడు వందల ఏళ్ళు దాటినా వేలితో తడిమి చదవొచ్చు. పిల్లలు వేళ్ళతో అక్షరాలు వెతుక్కున్నారు. అమ్మీ మాత్రం ఒక పక్కన నిలబడి, “ఎంత దూరం నుంచి వచ్చి, ఇక్కడి మట్టిలో కలిశారు” అంది. పిల్లలకి ఖబరస్తాన్ అంటే భయం నేర్పుతాం. ఇబ్రత్ నేర్పం. వేల మైళ్ళు దాటి దౌలత్ కోసం వచ్చినవాడి సమాధి ముందు ఐదు నిమిషాలు నిలబెడితే, బయాన్ అవసరం లేకుండానే కొన్ని విషయాలు అర్థమవుతాయి.

ఆ రేవు పోవడానికి రాజకీయాలు ఒక కారణమైతే, సముద్రం ఇంకొకటి. 1864 నవంబర్ 1 రాత్రి ఉప్పెన వచ్చి బందరులో దాదాపు 30 వేల మందిని తీసుకుపోయింది. ఆ తర్వాత ఊరు మళ్ళీ పాత వైభవం చూడలేదు. ఇప్పుడు కొత్త పోర్టు పనులు జరుగుతున్నాయి. ఇన్షా అల్లాహ్, మా పిల్లల కాలానికి మళ్ళీ ఇక్కడ ఓడలు కనిపించొచ్చు.

సాయంత్రం బందరు లడ్డు, బందరు హల్వా. శనగపిండి, బెల్లం, నెయ్యి, ఎంతసేపు దంచితే అంత మెత్తన. తొక్కుడు లడ్డు అన్నది ఊరికే పెట్టిన పేరు కాదు. భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది దానికి. ఇక హల్వా అన్న మాట ఎక్కడి నుంచి వచ్చిందో మీకు చెప్పక్కర్లేదు. ఏ మతంవాడు చేసినా, ఏ మతంవాడు తిన్నా అది బందరు హల్వానే.

ఇక రెండో రోజు. మంగినపూడి.

బందరు నుంచి పది పన్నెండు కిలోమీటర్లు. ఇసుక తెల్లగా మెరిసే బీచ్ కాదు, నల్లమట్టి తీరం. నీళ్ళు చాలా దూరం దాకా మోకాళ్ళు దాటవు. పిల్లలకి అదే ఇష్టం, ప్రమాదమూ అక్కడే. లోతు లేదు కదా అని నడుచుకుంటూ పోతారు, అల వెనక్కి లాగినప్పుడు కాళ్ళ కింద మట్టి జారిపోతుంది. ఏటా ఎవరింట్లోనో మాతం అవుతోంది. చెయ్యి పట్టుకోకుండా పిల్లల్ని వదలకండి. ఈత వచ్చినవాళ్ళు కూడా ధైర్యం చూపించే చోటు కాదు అది.

మేం ఆరుగురం. నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు, అమ్మీ, మా చెల్లెలు. చాప పరిచాం. నేను పిల్లలతో నీళ్ళలోకి పోయాను. గంట తర్వాత వెనక్కి చూస్తే చాప మీద ముగ్గురు ఆడవాళ్ళు. ఒకరు చెప్పులకి కాపలా, ఒకరు ఫోన్లకి కాపలా, ఒకరు టిఫిన్ క్యారేజీ మూతలు విప్పుతున్నారు. మా ఆవిడ తెల్లవారుజామున మూడున్నరకి లేచి బగారా అన్నం, ఖోర్మా చేసింది, మేం దిగిన బంధువుల ఇంట్లో. హోటల్లో తినొచ్చుగా అంటే, అక్కడ హలాల్ అవునో కాదో, పిల్లలకి పడుతుందో లేదో అని. నిజమే. కానీ ఆ ‘నిజమే’ అన్న మాట నేను పదిహేనేళ్ళుగా అంటున్నాను, ఒక్కసారి కూడా గిన్నె నేను కడగలేదు.

“అమ్మీ, మీరూ రండి, కాళ్ళు తడుపుకుందురు గాని” అన్నాను.

“వద్దు బేటా. నేను సామాన్ చూసుకుంటాలే.”

అమ్మీకి అరవై దగ్గర పడుతున్నాయి. పుట్టింది నాగాయలంక దగ్గర ఒక పల్లెలో, కాపురం గుడివాడలో. సముద్రం వాసన తగిలే దూరంలోనే జీవితమంతా గడిపింది. ఎప్పుడూ నీళ్ళలో దిగలేదు. పర్దా వల్ల అనుకున్నాం, మోకాళ్ళ నొప్పి వల్ల అనుకున్నాం, అసలు ఇష్టం లేదనుకున్నాం. అడగలేదు. ఆ రోజు ఎందుకో పక్కన కూర్చుని అడిగాను.

చెప్పింది. 1977 నవంబర్ 19. దివిసీమ ఉప్పెన. అప్పుడు అమ్మీకి తొమ్మిదేళ్ళు. స్కూలు కోసమని గుడివాడలో మామూజాన్ ఇంట్లో ఉంచారు, అందుకే మిగిలింది. పల్లెలో వాళ్ళ ఖాలా, ఖాలా ఇద్దరు పిల్లలు పోయారు. మయ్యత్‌లు కూడా దొరకలేదు. జనాజా లేదు, ఖబర్ లేదు. నానా తర్వాత ఏడాది ఉన్న కాస్త పొలం అమ్మేసి గుడివాడ వచ్చేశారు. ఆ తర్వాత అమ్మీ ఆ వైపు వెళ్ళలేదు. “నన్నెవరూ తీసుకెళ్ళలేదు, నేనూ అడగలేదు” అంది. ఫిర్యాదులా అనలేదు. మామూలుగా అంది.

మా మూడో రోజు ప్లాను అప్పటికి విజయవాడలో ఒక మాల్. మార్చేశాం.

మర్నాడు పొద్దున అవనిగడ్డ వెళ్ళాం. అక్కడ ఉప్పెన మృతుల స్మారక స్థూపం ఉంది. అధికారిక లెక్కే దాదాపు పది వేల మంది. అమ్మీ స్థూపం ఎదురుగా ఒక పక్కన నిలబడి దువా చేసింది. మా పెద్దమ్మాయి “దాదీ, ఎవరి కోసం?” అంటే ఆ ముగ్గురి పేర్లూ చెప్పింది. ఆ పేర్లు నేను కూడా అదే మొదటిసారి వినడం. నలభై ఏళ్ళు దాటిన కొడుకుని నేను.

తర్వాత నాగాయలంక. కృష్ణ ఒడ్డున ఘాట్, పడవలు. అక్కడి నుంచి కిందికి మడ అడవులు మొదలవుతాయి, కృష్ణా అభయారణ్యం అదే. ఉప్పునీళ్ళలో బతికే చెట్లు, బురదలో నుంచి పైకి పొడుచుకొచ్చే వేర్లు, ఆ వేర్లతోనే అవి గాలి పీలుస్తాయి. చేపలు పట్టి తినే బావురుపిల్లి ఈ అడవిలో ఉంటుంది. మాకు కనపడలేదు, కొంగలు మాత్రం బోలెడు. పడవ నడిపే ఆయన పిల్లలకి ఒక మాట చెప్పాడు: ఈ చెట్లు దట్టంగా ఉన్న చోట ఉప్పెన నీటి ఉరవడి తగ్గుతుందని. అంతకు గంట ముందు స్థూపం చూసి వచ్చిన పిల్లలకి ఆ మాట ఎలా తగిలిందో ఊహించండి. ఎన్విరాన్‌మెంట్ ప్రాజెక్టులో అట్టముక్క మీద అంటించే చెట్టు కాదది. దాదీ వాళ్ళ ఖాలాని కాపాడగలిగి ఉండే చెట్టు.

చివరికి హంసలదీవి, పాలకాయతిప్ప. కృష్ణ సముద్రంలో కలిసే చోటు. వేణుగోపాలస్వామి గుడి ఉన్న ఊరు కాబట్టి యాత్రికులు వస్తుంటారు. ‘మనం అక్కడికి ఎందుకు?’ అని మనలో కొందరు అడుగుతారు. భాయ్, నది అల్లాహ్ సృష్టి, సముద్రం అల్లాహ్ సృష్టి. గుడి వాళ్ళది, వాళ్ళ ఇబాదత్‌కి అడ్డం పడకుండా అదబ్‌గా ఉంటే సరిపోయింది. అక్కడ కొబ్బరిబొండాలు అమ్మే ఆవిడ అమ్మీ నడక చూసి తన స్టూలు తీసి వేసింది. అమ్మీ ఊరి పేరు చెప్తే, ‘మాదీ ఆ పక్కదేనమ్మా’ అంది. ఆ ఇద్దరూ అరగంట మాట్లాడుకున్నారు. ఏం మాట్లాడుకున్నారో మాకు చెప్పలేదు.

అసర్ నమాజ్ వేళయింది. “దాదీ, సముద్రం నీళ్ళతో వుజూ అవుతుందా?” అని మా అమ్మాయి అడిగింది. “అవుతుంది, పాకే” అంది అమ్మీ. అని, లేచి, మనవరాలి చెయ్యి పట్టుకుని తనే నీళ్ళ దాకా నడిచింది. చీలమండలు తడిసే దాకా దిగింది. రెండు నిమిషాలు ఉండి ఉంటుంది. బయటికొచ్చి, “బస్, చాలు” అంది.

నేను చెప్పదలుచుకున్నది ఇదే. మా సఫర్‌లో అందరికన్నా దూరం ప్రయాణించింది అమ్మీ. మేం ఆమెని ఎన్నో ఏళ్ళు సామాన్ దగ్గర కూర్చోబెట్టాం.

ఇప్పుడు కొన్ని సవాళ్ళకి జవాబు. ‘ఇదంతా ఫుజూల్ ఖర్చు కాదా?’ అని కొందరు పెద్దలు అంటారు. ఇస్రాఫ్ హరామే, కాదనను. కానీ వలీమాలకి అప్పు చేసి రెండు రకాల బిర్యానీ పెట్టే మనం, పిల్లలకి సొంత గడ్డ చూపించడాన్ని ఇస్రాఫ్ అనడం న్యాయం కాదు. భూమి మీద తిరిగి, ముందు తరాలు ఏమయ్యాయో చూడమని ఖురాన్ ఒకటి కాదు, చాలా చోట్ల చెబుతుంది. మేం చేసిన ఖర్చు ఒక రైలు టికెట్టు, రెండు రోజులు ఆటో, ఒక రోజు బండి అద్దె, ఒక పడవ. ఊటీ హోటల్ ఒక రాత్రి ఖర్చు కన్నా తక్కువే.

‘పర్దా ఉన్న ఆడవాళ్ళకి బీచ్‌లు ఎందుకు?’ అంటారు ఇంకొందరు. పర్దా అంటే హయా. కూర్చోబెట్టడం కాదు. పొద్దున్నే ఆరింటికి వెళ్ళండి, జనం ఉండరు. సెలవు రోజు కాకుండా మామూలు రోజు వెళ్ళండి. దారులు ఉన్నాయి, మనకి నియ్యత్ ఉండాలి. అసలు అడ్డంకి పర్దా కాదు. శుభ్రమైన బాత్‌రూమ్ లేకపోవడం. మూడు రోజుల్లో ఒకచోట, పేరు చెప్పను, ఆడవాళ్ళ టాయిలెట్‌కి తాళం వేసి ఉంది, తాళం చెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు. మా ఆవిడ, చెల్లెలు పొద్దుటి నుంచి నీళ్ళు తాగడం మానేశారు. ఎండలో అలా తిరగడం ఆరోగ్యానికి ఎంత నష్టమో డాక్టర్లు చెప్తారు. పర్యాటకం పెంచుతాం అనే ప్రతి నాయకుడినీ, ఏ పార్టీ అయినా సరే, మనం మొదట అడగాల్సింది రోప్‌వే కాదు, రిసార్ట్ కాదు. తాళం లేని టాయిలెట్, ఒక నల్లా, కాస్త నీడ. అది హిందూ, ముస్లిం ఆడవాళ్ళందరి మస్లా.

మీరు వెళ్తే, మా తప్పుల నుంచి నేర్చుకున్నవి. ఒకటి, ట్రిప్‌లో వంట బంద్. అండా, పండ్లు, బ్రెడ్డు, పెరుగన్నంతో ఒక పూట గడిచిపోతుంది, బందరు, గుడివాడల్లో మనవాళ్ళ హోటళ్ళున్నాయి. రెండు, సామాన్ కాపలా వంతులవారీగా, మగవాళ్ళతో మొదలుపెట్టి. మూడు, నమాజ్ వేళలకి దారిలో మసీదు ఎక్కడుందో, అందులో ఆడవాళ్ళకి చోటుందో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కోండి. ఖసర్ విషయం మీ మౌలానా గారిని అడగండి, నేను ఆలిమ్‌ని కాను. నాలుగు, పాలకాయతిప్ప నుంచి పొద్దు వాలకముందే బయల్దేరండి. ఐదు, చలికాలంలో వెళ్తే కైకలూరు దగ్గర ఆటపాక కూడా కలుపుకోండి. కొల్లేటి పెలికాన్ పక్షులు ఇనుప స్టాండ్ల మీద గూళ్ళు పెట్టుకుని ఉంటాయి, పడవలో దగ్గరికి తీసుకెళ్తారు.

తిరుగు దారిలో చల్లపల్లి దాటాక ఘంటసాల, కూచిపూడి. ఘంటసాలలో బౌద్ధ స్తూపం, మ్యూజియం ఉన్నాయి. కూచిపూడి నాట్యం ప్రపంచానికంతా తెలుసు, కానీ ఆ ఊరిని భాగవతులకి ఇనాంగా రాసిచ్చింది గోల్కొండ ఆఖరి సుల్తాన్ అబుల్ హసన్ తానీషా అని చెప్పుకుంటారని మన పిల్లల్లో ఎందరికి తెలుసు? పక్కింటి పిల్లలకైనా ఎందరికి తెలుసు? ఆ ఊరి బోర్డు దగ్గర బండి ఆపి, ఆ ఒక్క మాట చెప్పి కదలండి చాలు.

చివరిగా ఒక గుజారిష్. ఈ సెలవుల్లో ఎక్కడికి వెళ్ళాలో నిర్ణయించే ముందు మీ ఇంట్లో పెద్దావిడని, అమ్మీనో నానీనో దాదీనో, ఒక్క ప్రశ్న అడగండి: “మీకు ఎక్కడికి వెళ్ళాలనుంది?” ‘ఎక్కడికీ లేదులే’ అంటారు. రెండోసారి అడగండి. మేం మొదటిసారితోనే ఆపేశాం ఇన్నేళ్ళూ.

అల్లాహ్ మన సఫర్లన్నీ ఆసాన్ చేయుగాక, ఉప్పెనలో పోయినవారందరి మీద రహమ్ చేయుగాక. ఆమీన్.